అసలూ వడ్డీ

కార్మెలోలో రేవు వెనక సందులో నా షెడ్డు.
జూన్ చలికి పానాలు కూడా వేళ్లను కొరుకుతాయి.
అలాంటి పొద్దున మైతేనా
ట్రాక్టరు వెనక తాడు కట్టి లాక్కొచ్చింది
వాళ్ల అమ్మమ్మ బండిని.

యాభై ఒకటి నాటి ఫోర్డ్ ప్రిఫెక్ట్.
దీపాలకు ఆరు వోల్టులు, బ్రేకులకు ఇనప కడ్డీలు,
ఇంజను పీల్చే గాలితో ఊగే వైపరు.
ఎత్తు ఎక్కేటప్పుడు, అంటే సరిగ్గా
వాన మొహాన కొట్టేటప్పుడు,
అది సగంలో చెయ్యెత్తి నిలబడిపోతుంది
ప్రశ్న మరిచిపోయిన పిల్లాడిలా.

"ఒక్క మర కూడా మారకూడదు" అన్నాను.
"మంగళవారాలు దోలోరెస్ సంతకి తేనె చేరాలి,
మా బాబు బడికి చేరాలి" అంది.
పన్నెండు వోల్టులంటే అసలుకే ఎసరు అన్నాను.
"గుడ్డి దీపాలతో గుర్రాన్ని గుద్దితే
అసలు ఎవరికి మిగులుతుంది, ఆన్సెల్మో?"

మూడు వారాలు మాటల్లేవు.
ఆమె మాతే గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టేది,
నేను చల్లారాక తాగేవాణ్ణి.

రంగు గీకితే
పైన పడవలకు వేసే నీలం,
కింద కంపెనీ నలుపు.
వెనక సీటు ఒక పక్క రంపంతో కోసి ఉంది,
నొప్పులు పడే మనిషి కాళ్లు చాపుకునేందుకు.
కొత్త సీటుకి నది అవతలికి అప్పటికే డబ్బు పంపాను.
డాష్‌బోర్డు కింద, చేత్తో తడిమితే తప్ప తెలియని చోట,
మేకుతో గీసిన గీతలు. రెండువందల పన్నెండు.
దొన్యా ఎర్సీలియా మంత్రసాని.
గీతకొక బిడ్డ.

ఫ్యాక్టరీ లెక్కలో ఇవన్నీ దెబ్బలే.
సరిచెయ్యాల్సినవే.
ఇసక కాగితం చేతిలో పట్టుకుని
ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.
ఏ రోజు అసలు?
గేటు దాటి బయటికొచ్చిన రోజా,
మొదటి గీత పడిన రోజా?

నా గీత ఏదో అని వెతికాను.
లేదు.
మా అక్కని అడిగితే నవ్వు ఆపుకోలేకపోయింది:
నువ్వు పుట్టిన రాత్రి మంచు.
బండి స్టార్ట్ కాలేదు.
పొరుగువాళ్ల గుర్రమెక్కి వచ్చింది ఎర్సీలియా,
రెండు మైళ్లు, తిట్టుకుంటూ.

ఆరు వోల్టులు.

మర్నాడు పన్నెండు వోల్టుల బ్యాటరీ తెచ్చి
పాత బ్యాటరీ డొక్కలో దూర్చాను.
కడ్డీలు తీసి నూనె బ్రేకులు,
వైపరుకి వేలెడంత మోటారు,
కోసిన సీటు కోసినట్టే ఉంచి
దాని పక్కన పిల్లాడికి బెల్టు.
మలుపులో తలుపు స్తంభంలోంచి చెయ్యిలా లేచే
ఆ చిన్న ఎర్ర రెక్కలు మాత్రం ముట్టుకోలేదు.
వెనక వచ్చే లారీ వాడి కోసం
బంపరు కింద వేరే దీపాలు పెట్టాను, అయిష్టంగా.
విప్పిన ప్రతి ముక్కకీ చీటీ కట్టి
బిస్కెట్ల డబ్బాలో వేసి డిక్కీలో పెట్టాను.
ఎవరికో ఎప్పుడో వెనక్కి వెళ్లాలనిపిస్తే
దారి ఉండాలి కదా.

నీలం దగ్గర మాత్రం ఓడిపోయాను.
ఇప్పటికీ ఒప్పుకోను.
తలుపు లోపల అరచేతి మేర
నలుపు వదిలేశాను, ఆమెకి చెప్పకుండా.

మొన్న మంగళవారం కుండపోత.
సాయంత్రం వచ్చి, తడిసిన సంచిలోంచి
తేనె సీసా తీసి బల్ల మీద పెట్టింది.
"ఎత్తు మీద వైపరు ఒక్కసారి కూడా ఆగలేదు."
ఆ గొంతులో మెప్పే ఉంది, ఇంకేదో కూడా ఉంది.
అడగకుండానే చెప్పింది:
అది ఆగినప్పుడల్లా అమ్మమ్మ
బండి పక్కకి తీసి, మాతే కలిపి,
వాన తగ్గేదాకా
తను మోసుకొచ్చిన పిల్లల పేర్లు
ఒక్కొక్కటీ చెప్పేదట.