ఓడినోళ్ళకి ఊరు చూపించడం

పదిగంటలకల్లా ఓడిపొయ్యారు.
రెండు సెట్లే. మూడోదాని దాకా రాలా.
నలభై ఐదు దాటినోళ్ళ వాలీబాలు పోటీలంట,
శ్రీలంకలో మాతర అనే ఊరి జట్టంట.
సెక్రటరీ నా మేజిక్ బండి మీద చెయ్యేసి
"పెంచలయ్యా, వీళ్ళ రైలు రేపు సాయంత్రం,
ఈలోగా నెల్లూరు చూపించు" అన్నాడు.

నెల్లూరు చూపించడం అంటే ఏంది?
ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో తోల్తా ఉండా.
మూలపేట, దర్గామిట్ట, ఆత్మకూరు బస్టాండు,
యాడ గుంటుందో యాడ పోలీసుంటాడో తెలుసు.
చూసేదానికి ఏముందని ఎవరూ అడగలా,
నేనూ అనుకోలా.

ఏడుగురు ఎక్కారు.
మోకాళ్ళకి పట్టీలు,
బండి నిండా నొప్పుల తైలం వాసన.
వాళ్ళల్లో పియదాస అనే ఆయనకి అరవం వచ్చు.
నాది మద్రాసు లారీల్లో క్లీనరుగా నేర్చిన అరవం,
బూతులు తీసేస్తే మిగిలేది కొంచెమే.
ఆ కొంచెంతోనే బయల్దేరాం.

రంగనాయకుల గోపురం చూపించా.
మెడలెత్తి చూశారు, బాగుందన్నారు.
వెనకమాలకి తీసకపొయ్యి పెన్న చూపించా.
"నదేది?" అన్నాడు పియదాస.
చెయ్యి చాపా.
ఆయన ఇసక చూసి, నా చేతిని చూసి, ఊరుకున్నాడు.
అన్నం వార్చకముందే చుట్టం గడప తొక్కినట్టు
నాకు సిగ్గేసింది.

వాళ్ళు చూసినయ్యి వేరే.
స్టోన్‌హౌస్‌పేటలో బస్తా మోస్తా మోస్తానే
సెల్లులో పెళ్ళాంతో పోట్లాడే హమాలీ.
ఇందుకూరుపేట దాటినాక రొయ్యల గుంటల్లో
నీళ్ళు చిలికే చక్రాలు.
"ఎందుకు?" అంటే "రొయ్యలకి గాలి" అన్నా.
దిగి ఫోటోలు తీసుకున్నారు, నవ్వారు, మళ్ళీ తీసుకున్నారు.
మా ఇంట్లో ఫ్యాను చెడిపొయ్యి రెండేళ్ళు.

మైపాడులో దిగినాక వాళ్ళ నడక మారింది.
పియదాస నీళ్ళల్లోకి పొయ్యి
దక్షిణానికి తిరిగి నిలబడ్డాడు.
"మా నీళ్ళే" అన్నాడు.
వేలు ముంచి నాలిక్కి తగిలిచ్చుకోని
"ఉప్పు తక్కువ" అన్నాడు.
మా సముద్రాన్ని ఒకరు రుచి చూడటం
నేను చూసింది అదే మొదలు.

పట్టపు పిల్లకాయలు రెండు గెడలకి
చిరిగిన వల కట్టి ఆడతా ఉండారు.
మావోళ్ళల్లో ఇద్దరు మోకాళ్ళు పట్టుకోని
ఇసకలో కూలబడ్డారు.
ఆరోవాడివి నువ్వే రమ్మన్నారు.
నేను కొట్టిన మొదటి బంతి సముద్రంలో పడింది.
రెండోదీ అంతే.
పిల్లకాయలు తెలుగులో లెక్కపెట్టారు,
వాళ్ళు సింహళంలో, పియదాస నాకోసం అరవంలో.
మూడు లెక్కలూ కలవలా.
ఒకదాంట్లో మాత్రం మేం గెలిచాం.

పూటకూటి రమణమ్మ పులుసు పొయ్యబోతే
పియదాస చెయ్యడ్డం పెట్టాడు.
"నిన్నటిది ఉందా?"
నేను తెలుగులో చెప్పేలోపలే
ఆమెకి అర్థమై పకపకా నవ్వి
లోపలి చట్టి తెచ్చింది.
"యాడోడో గాని తినడం తెలిసినోడు."

రైలెక్కిచ్చా.
వెయిటింగు డబ్బులు సెక్రటరీ ఇంకా ఇయ్యలా.
సీటు కింద ఒక మోకాలి పట్టీ దొరికింది,
ఇసకతో, ఆ తైలం వాసనతో.
క్లచ్చి తొక్కే ఎడమకాలికి ఏసుకుంటా ఉండా.
ఉతకలా.

మొన్న పైన వానలు పడి
పెన్న నిండుగా వచ్చింది,
ఎర్రగా, తుంగలు లాక్కోని, బ్రిడ్జి కాళ్ళు తడుపుతా.
బండి ఆపా. వెనకాల హారన్లు.
"పెన్న" అన్నా, పక్క సీటాయనతో.
"తెలుసులేవయ్యా, పోనీ" అన్నాడు.