ఒక్క చలికాలం

టార్టూలో ఫిబ్రవరి.
గడ్డకట్టిన ఎమాయోగి నది మీద పిల్లలు జారుతున్నారు.
మాకు మూడు బల్లలు, నలుగురం,
గోడన ప్రపంచ పటం,
దానికి గుచ్చిన ఎనిమిది ఎర్ర సూదులు.

"దేశమంతా కలిపినా ఓ మోస్తరు నగరమంత లేం,
గడప దాటితే సరిహద్దే" అంటుంది మారికా.
నిజమే. ఇక్కడ తేనెటీగలు పెంచేవాళ్లందర్నీ
తను పేరు పెట్టి పిలవగలదు.

పెట్టుబడి పెట్టినాయన ఫోనులో ఒకటే మాట:
ఏడాదిన్నరలో ఎనిమిది దేశాలు.
మనం ఆగితే ఇంకెవరో ఆగరట.

వెళ్లాం.

అలెంతేజోలో, ఆదెలీనో తేనెపెట్టెలో
అగ్గిపెట్టెంత మా యంత్రం
మొదటి రాత్రే గోల పెట్టింది:
ప్రమాదం, ప్రమాదం, ఈగలు మేలుకునే ఉన్నాయి!
ఉండవూ మరి?
అక్కడ బాదం చెట్లు పూతకొచ్చాయి.
మేం దానికి నేర్పింది
ఒక్క చలికాలమే, మాది.

తెల్లవారుజామున మూడింటికి ఫోను చేసి
ఆదెలీనో తిట్టలేదు. అదే బాధ.
"మా ఈగల్ని ఓసారి చూసిపోండి" అన్నాడంతే.

మారికా ఏడు సూదులు పీకేసింది.
మిగిలిన ఒక్కదాని కోసం విమానమెక్కి
పూలు రాలేదాకా అక్కడే ఉండిపోయింది,
వాచిన చేతుల్తో
పెట్టె మూతకు చెవి ఆనించి.

తిరిగొచ్చేసరికి పోలండులో
ఇంకెవరో నిజంగానే దుకాణం తెరిచారు.
తొందరపడ్డామా, ఆలస్యం చేశామా?
ఉర్మాస్ లెక్కల కాగితాన్ని
అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

గోడకు ఏడు కన్నాలు.
సున్నం డబ్బా మూలనే ఉంది.
పూయడానికి ఇంకా ఎవరికీ చెయ్యి రాలేదు.