అరసున్న

ఆధార్ మీద సోలంజి.
రేషన్ కార్డుల సోలమ్మ.
ఓటరు చిట్టీల సోమలింగం, పక్కన స్త్రీ అని.
మూడూ నా టేబుల్ మీద పరిచి
"ఇండ్ల నేనేదో నువ్వే తేల్చు బిడ్డా" అన్నది.

కాజీపేట, మీసేవ, రెండో కౌంటర్.
పింఛను ఆగి నాలుగు నెలలు.
కొంగుముడి విప్పి ఇంకో కాగితం తీసింది,
మడతల కాడ చిరిగిన బాప్తిస్మపు చిట్టి,
నీలం సిరా, గాలికి వంగిన జొన్నకర్రల్లెక్క
పక్కకు వాలిన పరాయి అక్షరాలు.

కూడబలుక్కొని చదివిన: సొలాంగే.
నవ్వింది. పైన రెండు పండ్లు లేవు.
"అట్ల కాదు. చివరికి ముక్కులకెళ్లి రావాలె.
సిస్టరమ్మ అట్లనే పిలుస్తుండె."

చెరువులు పగుళ్లిచ్చిన ఏడట అది.
గొర్లకు తుమ్మకాయ సుత దొరకని ఏడు.
ధర్మసాగరం దిక్కునుంచి కురుమ కొమురెల్లి
పెండ్లాన్ని కచ్చురంల ఏసుకొని
మిషన్ దవాఖాన గడప తొక్కిండు.
బిడ్డ కాళ్లతోటి వచ్చింది.
ఫ్రాన్సు నుంచొచ్చిన ముసలి సిస్టరమ్మ
తెల్లారేదాక చెయ్యి తియ్యలే.

"నీ పేరే పెట్టుకుంట తల్లీ" అన్నడట.
"నాదొద్దు. మా దిక్కు ఒక పిల్ల ఉండె,
వెయ్యేండ్ల కింద. గొర్లు కాసేది. చంపేసిన్రు.
వాన ఎగబెడితే ఇప్పటికీ ఆమెనే మొక్కుతరు."
"గొర్లు కాసిందా? అయితే మా మనిషే" అన్నడట కొమురెల్లి.
గంతే. ఇంకేం అడగలే.

ఇంటికి తెస్తే నాయనమ్మ మూతి తిప్పింది:
"సోలనా? పెట్టేదేదో మానెడు పెట్టరాదురా!"

సర్వరు తిరుగుతుంటే నేను ఫోన్ల వెతికిన.
లాటిన్ మాటకెళ్లి పుట్టిందట,
ఏడాదికొకసారి తప్పకుండ చేసే మొక్కుబడి వంటిదట.
కొందరు నడుమకు విరిచి
సూర్యుడు, దేవదూత అని చెప్తరట;
అది ఉత్తదని చదువుకున్నోళ్ల మాట.
"రోహిణికార్తెల మిట్టమధ్యాహ్నం పుట్టిన,
సూర్యుని సంగతి వాళ్లకేం ఎరుక?" అన్నది.

వాళ్ల దేశంల ఒకప్పుడు బాగనే పెట్టుకున్నరట.
ఇప్పుడు పిల్లలకు పెడ్తలేరు, అవ్వల పేరైపోయింది.
"నేను మాత్రం అవ్వను గానా?"

"ఈడ ఎంతమందికున్నదో చూడు."
చూసిన. నాకు దొరికింది ఒక్కటే,
అది గూడ మూడు తప్పులతోటి.

గప్పుడు చాయ్ తెచ్చిన సైలు ఆగిండు.
"స్టేషను గేటు కాడి సోలవ్వ గాదు?"
నలభై ఏండ్లు ఉడకబెట్టిన పల్లికాయ
ఇత్తడి సోలతోటి కొలిచి,
అంచు దాటి గుమ్మి చేసి,
గుమ్మి మీద ఇంకో పిడికెడు పోసిన సోలవ్వ.
కూరగాయల అంగట్ల బేరం తెగకుంటే
"సోలవ్వ సోల పెట్టు" అంటరు గదా, ఆ సోలవ్వ.

పాలోనితోటి మా అమ్మ రోజూ అంటుండె ఆ మాట.
అది మనిషి పేరని
ముప్పై నాలుగేండ్లకు, ఇయ్యాల తెలిసింది నాకు.

టైపు కొట్టిన. సొలా దాకా వచ్చి ఆగిన.
ముక్కులకెళ్లి వచ్చేదానికి అక్షరమేది?
నాలుగో తరగతిల శేషాచారి సారు
నల్లబల్ల మీద సుద్దముక్కతోటి సగం గీసి
"ఇది అరసున్న, ఇప్పుడెవ్వరు పలుకరు,
చూసి ఊకోండ్రి" అన్నడు.
ఎక్కడెక్కడనో వెతికి పట్టుకొచ్చి పెట్టిన:
సొలాఁజ్.
ఒకసారి మెల్లగ అనుకున్న. ముక్కుల మోగింది.
అవ్వ తలకాయ ఊపింది.

సర్వరు ఒప్పుకోలే. చెల్లని గుర్తు అన్నది.
రెండుసార్లు. మూడోసారి కరెంటు పోయి వచ్చింది.
ఇగ చేసేదేం లేక మామూలు సున్న కొట్టి పంపి
రశీదు చేతికిచ్చిన.

"సగం ఉండాల్సిన కాడ నిండుది పడ్డదవ్వా" అన్న.

రశీదు మడిచి కొంగున కట్టుకుంట
"పడనియ్యి" అన్నది,
"కొసరు."