జర కుడికి

బియ్యం డ్రమ్ము వెనుక
పాత లుంగీ చుట్టుకొని నిలబడ్డది
బాపు ఛర్రల తుపాకి.
పదకొండేండ్ల దుమ్ము.
నాలి విరిస్తే వంగింది గని బిగువు లేదు.
మీట నొక్కితే దగ్గినట్టు చిన్న చప్పుడు,
ఛర్ర గొట్టంలకెల్లి జారి
నా కాలి బొటనవేలు మీదనే పడ్డది.

అమ్మేద్దామన్నడు తమ్ముడు.
పాతసామాను బండాయన కిలో లెక్కన అడిగిండట.
నేను కుట్టుమిషన్ పక్కకు జరిపి
బల్ల మీద చీరపాత పరిచిన.

ఆజంజాహి మిల్లు బందయినంక
లెక్క తీర్చి ఇచ్చిన పైసలతోని కొన్నడు దీన్ని.
అప్పటికే ముసలి తుపాకి,
నాలి మీది ఇంగ్లీషు అక్షరాలను
ఎవరెవరి అరచేతులో తుడిచేసినయ్.
సాంచల మోత ఆగిన చెవులకు
బుగ్గలు పగిలే చప్పుడన్న కావాలె గావచ్చు.
కురవి జాతర, కాజీపేట ఉర్సు, మేడారం.
రెండు వెదురు కట్టెలు, ఒక నల్లగుడ్డ,
వరుసకు పన్నెండు బుగ్గలు.
ఊదుడు మా వంతు, అమ్మ, నేను, తమ్ముడు.
పొద్దూకేసరికి దవుడలు గుంజేటివి.
బాపు ఊదకపోయేది.
పత్తినూగు నిండిన రొమ్ము
ఒక్క బుగ్గకే అలిసిపోయేది.

"స్ప్రింగుకు భయపడాలె అక్కా,
యాభై ఏండ్ల కోపం, ఒక్కపారే దుంకుతది"
అన్నడు పోచమ్మమైదాన్ల లేతు మిషన్ యాకూబ్.
వైసుల బిగించి, చుట్టు చుట్టుకు ఆగుకుంట వదిలిండు.
తీరా చూస్తే అది ఎప్పుడో రెండు ముక్కలు,
విరిగినకాడ ఒకదాంట్ల ఒకటి మరచుట్టుకొని
పొట్టిగై, అట్లనే పనిచేసిందట.

తోలు వాచరు మామిడి ఒరుగు తీరు ఎండింది.
మండిబజారు మొగిలయ్య తాత
బర్రెతోలు గుండ్రంగ కోసిచ్చి
ఆముదంల రెండు రాత్రులు నానబెట్టుమన్నడు.
పైసలు తీసుకోలే.
"సారంగం మా పిలగానికి
రెండు ఛర్రలు ఎక్కువ ఇచ్చిండు ఒకపారి"
నిన్న జరిగినట్టు చెప్పిండు.

ఇగ మిగిలింది నాలి కొసన
ఈగంత గురిముక్క. మక్కీ అంటడు యాకూబ్.
దుమ్ము తుడిచి, దారం పట్టి చూసిన,
కుట్టుగీత చూసే కన్నుతోని.
నడిమిట్ల లేదు.
కుడికి ఉన్నది, వడ్లగింజ మందం.
కిందపడి వంగింది కాదు.
ఆకురాయి గీతలు సాఫుగ ఉన్నయ్,
చేయి తిరిగినోని పని.

నా చేతిల ఆకురాయి.
చాలాసేపు కూసున్న.

బెట్టు కట్టేటోళ్లు, పెద్ద నోరేసుకునేటోళ్లు,
కొత్త పెండ్లాం ముంగట మీసం దువ్వేటోళ్లు
ఆరు ఛర్రలకు ఒక్క బుగ్గ పలగక
ఇంకో నోటు తీసేది.
మా బడి ఫీజు,
మార్వాడి కొట్టుకెల్లి విడిపించిన అమ్మ కమ్మలు,
ఆ వడ్లగింజ సందులకెల్లే వచ్చినయన్నట్టు.
సారంగం అబద్ధమాడడని
వాడకట్టంత అనేది. నిజమే.
నోటితోని ఆడలే.

కని ఒకటి యాదికున్నది.
పొట్టిలాగు పిలగాడెవడో
ఆఖరి బిళ్ల చెమట చేత్తోని ఇచ్చి
తుపాకి బరువుకు ఊగుతుంటే,
బాపు వెనుక నిలబడి, దమ్ము కూడగట్టుకొని,
చెవుల ఏందో అనేది.
ఠప్.
ధైర్యం చెప్పిండనుకునేదాన్ని.

ఆకురాయి డబ్బల పెట్టిన.

నూనె ఎక్కువైందేమో
మొదటి దెబ్బకు నాలిలకెల్లి సన్నటి పొగ,
కాలిన వాసన.
దండేనికి కట్టిన ఎర్రబుగ్గ కదలలే.
దానికి ఎడమపక్క గోడసున్నం రాలింది.
"బాగు కాలే అక్కా" తమ్ముడు నవ్విండు.
అయిందిరా అన్న.
ఇంకో ఛర్ర పెట్టి, మడమ వాని భుజానికి ఆనిచ్చి
వెనుకకొచ్చి నిలబడ్డ.