తడవకూడని కర్ర

కృష్ణపట్నం రేవులో ఎక్కించుకున్న గాలిమర రెక్క
పదకొండో రోజు పొద్దున
శింగనమల చెరువుకట్ట పక్కన ఆగింది.
రాత్రి పదయ్యేదాకా అనంతపురం టౌన్లోకి వదలరంట.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
పైలట్ జీపు ఎర్రినాగప్ప "పండుకోండ్రా" అన్నాడు.
ఆ ఒక్క మాట కోసం
బద్వేలు నుంచీ మోస్తున్నాం మా కండ్లని.

ట్రైలర్ కింద చక్రాలెన్నో నేనింతవరకూ లెక్కపెట్టలేదు.
నా లెక్కంతా పైన.
పన్నెండడుగుల వెదురుబొంగు, కొసన పంగ,
ముందు నడుస్తా తీగలెత్తడం నా పని.
కరెంటు తీగ, కేబుల్ టీవీ తీగ,
మైదుకూరులో పెండ్లింటి సీరియల్ బల్బుల దండ,
ప్రొద్దుటూరు సందులో
మిద్దె నుంచి మిద్దెకు ఎవరో ఆరేసి మరిచిన చీర.
పదకొండు రాత్రులు ఆకాశాన్ని
తీగల సందుల్లోంచే చూసినా.

ఈ చెరువు మీద ఒక్క తీగ లేదు.
మెడ దించుకోవడం తెలీక
కాసేపు ఊరికే పైకి చూస్తా నిలబడిపోయినా.

ఈ యేడు మరవ పారిందంట.
ఎనుము దూడను నాకినట్టు
నీళ్లు కట్టరాళ్లను నాకుతున్నాయి, తీరిగ్గా.
డ్రైవర్ ధరంపాల్‌ది రాజస్థాన్‌లో ఏదో ఇసుక ఊరు.
ముందు చెప్పులిడిచినాడు,
తర్వాత తలగుడ్డ, తర్వాత సిగ్గు.
మునిగి లేచి వాళ్ల బాసలో ఏదో అరిచినాడు.
ఏమన్నావని ఎవరమూ అడగలేదు.

వెనక చక్రాలు తిప్పే మాబుసాబు
రెక్క నీడలో చాప పరిచినాడు.
చాప ఇంత, నీడ రెండొందల అడుగులు.
మిగిలిన నీడలోకి
ఒక ముసలాయప్ప అడక్కుండానే గొర్రెల్ని తోలుకొచ్చినాడు.
"ఏం చేపదిరా ఈ ఎముక?"
గాలిమరది తాతా, బెళుగుప్ప కొండెక్కాల.
"తిరిగితే ఏమొస్తాది?"
కరెంటు.
ఆయప్ప నా బొంగు దిక్కు చూసినాడు.
"అట్లయితే నువ్వెత్తే తీగల్లోకి వచ్చేది దీందేనా?"
చెనిక్కాయల ఊరిబిండి అద్దుకున్న సంగటిముద్ద
నోటి దాకా వచ్చి ఆగింది నాకు.
ఇన్నేళ్ల నుంచీ ఎత్తుతున్నా,
ఎప్పుడూ తట్టలేదు.

నేనూ దిగినా నీళ్లలోకి.
నాచు కాళ్లకు చుట్టుకుంది,
చిన్న చేపలు మడమల మీది పగుళ్లను కొరికి చూసినాయి.
బొంగు మాత్రం తడవకూడదు.
తడిస్తే కరెంటు దాని మీదుగా నడుస్తుంది,
పోయినేడు గుత్తి దాపున
రామాంజి చేతుల్లోకి నడిచినట్టు.
అందుకే దాన్ని కానగచెట్టు కింద
రెండు రాళ్ల మీద పండబెట్టి
పైన నా పొడి లుంగీ కప్పినా.
అందరం తానాలు చేసినాం, జీపు కూడా.
అదొక్కటే ఎండిన నోరుతో
చెరువును చూస్తా పండుకుంది.

నిద్రంటే అది నిద్ర.
కలలో కూడా ఎవరూ "తీగ! తీగ!" అని అరవలేదు.

సాయంత్రం గాలి తిరిగింది.
బెల్టుల కింద రెక్క సన్నగా మూలిగింది.
మాబుసాబు కండ్లు తెరవకుండానే
చెయ్యి చాపి దాని పక్కన తట్టినాడు
"ఆగు తల్లీ, ఇంకా కొండ రాలేదు."
గొర్రెలు అప్పటికే లేవు,
చాప చుట్టూ పెంటికలు మాత్రం ఉన్నాయి.

ఎనిమిదిన్నరకు ఎర్రినాగప్ప ఈల వేసినాడు.
ధరంపాల్ ఒక సీసాలో చెరువు నీళ్లు పట్టుకుని
స్టీరింగ్ పక్కన పెట్టుకున్నాడు.
తాగడానికా అంటే తల అడ్డంగా ఊపినాడు.

ఊరి మొదట్లోనే మొదటి తీగ.
చేతులు చొక్కాకు ఒకసారి తుడుచుకున్నా,
మళ్లీ తుడుచుకున్నా,
మూడోసారీ.
బొంగెత్తినా.
పంగలో తీగ పడింది, లేచింది,
దాని కింద నుంచి రెక్క మెల్లగా దాటుతోంది,
ఎంతకూ అయిపోదు.
వీధిలో ఎవరింట్లోనో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
నా జుట్టులో ఇంకా
నాచు వాసన.