చేపు

ఐదింటికి ఇంకా తెల్లారలేదు.
గార్డినర్ ఊళ్ళో అద్దె గదిలో
వకుళని సుధన్వ పక్కకి జరిపి
రెండు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి
దొంగలా తలుపు మూశాను.
పిల్లతల్లివి, చెవుల్లో దూది పెట్టుకోమని
పిన్ని రాత్రి ఫోన్లో మరీ మరీ చెప్పింది.
పెట్టుకున్నాను.
జూన్ నెలే, అయినా వేళ్ళు కొంకర్లు పోయే చలి.

లామార్ లోయలో రోడ్డు పక్క గుట్ట మీద
అప్పటికే పదిమంది, మూడుకాళ్ళ స్కోపులు,
చావింట్లో లాగా మెల్లటి మాటలు.
వెర్లిన్ అని ఒక ముసలాయన,
లివింగ్‌స్టన్‌లో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడట,
తన స్కోపు నా ఎత్తుకి దించి
ఒంటికన్నుతో చూడమని సైగ చేశాడు.
ముందు నా రెప్పవెంట్రుకలే కనపడ్డాయి.
తర్వాత గడ్డి.
తర్వాత గడ్డిలో నడుస్తున్న గడ్డిరంగు.

తోడేలు.
కథల్లో దానికి ఎప్పుడూ కోరలే ముందొచ్చేవి.
దీనికి ముందు పొట్ట కనపడింది,
బొచ్చు రాలి, చనుమొనలు వేలాడుతూ.
వేళకి ఇల్లు చేరాల్సిన మనిషి.

మొత్తం మూడు. ముక్కులు నేలకి రాస్తూ
సేజ్ పొదలన్నీ గాలిస్తున్నాయి,
జారిపోయిన చెవిదిద్దు కోసం చాప దులిపినట్టు.
ఎల్క్ తల్లి ఒకటి ముందుకాళ్ళెత్తి విరుచుకుపడింది.
ఒకదాన్ని ఏటిదాకా తరిమింది.
తరమకు, అక్కడే ఉండు, అన్నాను.
తెలుగులో, పైకే అన్నాను.
అది అటు వెళ్ళగానే
బూడిదరంగు ఆడది వంగి, పొదలోంచి
తెల్లచుక్కల దాన్ని ఎత్తింది.
మైలు దూరం. అరుపు వినపడలేదు.
నోరు తెరుచుకోవడం మాత్రం చూశాను.

"నాలుగు నిమిషాలు," అని వెర్లిన్
చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.
ఎవరో థర్మాస్ మూత తిప్పారు. కాఫీ వాసన.

అది తింది అనడానికి లేదు. మింగింది.
మూట కట్టుకున్నట్టు మింగింది.
ఏరు ఈది, బరువుకి పొట్ట అటూ ఇటూ ఊగుతుంటే
ఎక్కడా ఆగకుండా గుట్టెక్కింది.
బొరియ ముందు ఐదు నల్లటి పిల్లలు
ఒక్కసారి మీద పడి మూతి నాకాయి,
పెదవి కొరికాయి, మెడ పట్టుకు వేలాడాయి.
తల్లి కడుపు చూస్తుందంటారు మా వైపు.
ఇక్కడ పిల్లలే తల్లి కడుపు చూస్తున్నాయి.
అది తల వంచింది. వీపు ఒకసారి ముడుచుకుంది.
నేల మీద ఆవిర్లు కక్కుతూ మాంసం.

వెర్లిన్ నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ.

ఆ నవ్వు ఆగకముందే గాలి మళ్ళింది.
లోయ అవతలి నుంచి ఒక పిలుపు,
కుక్క మొరుగుడికీ తుప్పు తలుపుకీ మధ్య ఏదో.
ఎల్క్ తల్లి. అదే పొద దగ్గర.
వాసన చూస్తుంది. నాలుగడుగులు వెళ్తుంది. మళ్ళీ వస్తుంది.
మాలకాకులు దిగిన చోటు వైపు మాత్రం తిరగదు.
పొదుగు బిగిసి ఉంది.
చివర ఒక చుక్క మెరిసిందో,
నాకే అలా అనిపించిందో.

అప్పుడు చేపు వచ్చింది నాకు.
పశువులకి వాడే మాట. ఇంకో మాట నాకు రాదు.
చొక్కా, స్వెట్టరు, సుధన్వ కోటు దాటి వెచ్చగా.
ఎవరికోసమో చెప్పలేను.
వకుళ గంటకు పైగా దూరంలో నిద్రపోతోంది.
కారులో పంపు ఉంది. వెళ్ళలేదు.
చేతులు అడ్డం కట్టుకుని, అదుముకుని, నిలబడ్డాను.
వెర్లిన్ చూశాడు. చూడనట్టే మెడలో మఫ్లరు తీసిచ్చాడు.
నలుగుర్ని పెంచాం, అన్నాడు. అంతే.

తిరిగొచ్చేసరికి తొమ్మిది దాటింది.
గార్డినర్‌లో పోస్టాఫీసు పక్క పచ్చికలో
ఇంకో ఎల్క్, పిల్లతో, దర్జాగా నెమరేస్తోంది.
ఊళ్ళోకి తోడేళ్ళు రావని దానికి తెలుసు.
హారన్ కొట్టినా లేవలేదు.

గదిలో ఒక సీసా సగం మిగిలింది.
"ఏమన్నా కనపడ్డాయా?" అన్నాడు సుధన్వ.
వకుళ నా చేతుల్లోకి వాలి
ముందు రొమ్ము వెతకలేదు.
నా పెదాల మధ్యకి నాలుగు వేళ్ళూ దోపి
పళ్ళు తడిమి, నాలుక తడిమి
లోపలేముందో చూసింది.