ఆరో పీరియడు

దొంగతనం నేనే చేసిన.
ఒకనాడు కాదు, రెండ్నాళ్లు కాదు
పదకొండేండ్లు
ఆండాలు టీచర్ ఆరో పీరియడును
నా లెక్కలల్ల కలుపుకున్న.

"పదో తరగతి మేడం, రిజల్టు రావాలె" అనేటోణ్ని.
హెడ్మాస్టరు తలూపేటోడు.
ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి
పటం చుట్టను చంకల ఇరికించుకొని
వరండాలకు పోయేది.

ఆ పటంల ఆస్ట్రేలియాను చెదలు తిన్నయి.
గ్లోబుకు ఇరుసు ఊడితే
సైకిల్ పుల్ల గుచ్చి వంచింది,
సరిగ్గ ఇరవైమూడున్నర డిగ్రీలు,
నా చెక్క కోణమానిని అడిగి తీస్కపోయి.
తిరిగిచ్చినట్టు యాది లేదు.

ఆదివారాలు దేవరకొండకో నాంపల్లికో బస్సెక్కేది
పటాల మూట ఒళ్లె పెట్టుకొని.
లగేజీ కొడతనన్న కండక్టరుకు
పటం విప్పి ఆయన ఊరు చూపిచ్చిందంట.
టికెట్టు మాట మరిచిండంట.

సోషల్ టీచర్లను పోగుచేసి
భూగోళం చదివిచ్చేది కాదు, నడిపిచ్చేది అని మీటింగు.
మొదటిసారి ఏడుగురొచ్చిన్రు.
అందుల ఇద్దరు పింఛను ఫారాల కోసం.

నేను నవ్విన.
"నదుల పేర్లు బట్టీ పడితే ఐదు మార్కులు,
గా ఐదింటికి ఇంత తిరుగుడా మేడం?"
చాయ ఊదుకుంట అడిగింది:
"మీ బోరు ఎన్ని ఫీట్లు సార్?"
నాలుగొందల ఎనభై.
"పక్కింటోళ్లది?"

చాయ సల్లారింది, నాదే.

ఆ చలికాలం
ఎనిమిదో తరగతి ఊరి మీద పడ్డది.
గడప గడపకు పోయి లోతులడిగిన్రు.
లోతు మరిచినోళ్లు అప్పు చెప్పిన్రు.
ఫీటుకింత అని
అప్పును భాగించి లోతు తీసిన్రు పిల్లలు.

ఏ ఇంట్ల పళ్లకు గార పట్టిందో
ఆ ఇంటి బోరుకు ఎర్ర చుక్క.
చుక్కలు పెట్టేటోళ్ల పళ్లూ అట్లనే ఉన్నయి,
నోరు మూసుకొని పెట్టిన్రు.
నేనావత్ మోతీలాల్
వాళ్ల తాత బోరు కాడ రెండు పెట్టిండు.
ఒకటి పళ్లకు, ఒకటి వంగని నడుముకు.

చార్టు గోడకెక్కింది.
ఒకే లోతున్న బోర్లను కలుపుకుంట పెన్సిలు గీతలు.
తండా దిక్కు దగ్గరదగ్గరగ, ఊపిరాడనట్టు,
గొల్లోళ్ల చెల్కల దిక్కు ఎడంగ, నిమ్మళంగ.
ఆ చెల్కల పాత మోటబాయి ఒకటుంది.
దాని సుట్టూ ఒక్క ఎర్ర చుక్క లేదు.

నేనక్కడ్నే నిలబడ్డ.
నిష్పత్తి, సగటు, గ్రాఫు...
పదకొండేండ్లు నేను బోర్డు మీద ఎండబెట్టినయన్నీ
నీళ్లకు పోయొచ్చినయి.

సర్పంచొచ్చి చూసిండు,
చార్టు పక్కన ఫొటో దిగిండు.
బాయి పూడిక ఇంకా తియ్యలే.
కానీ కిందటేడు మీటింగుకు నలభై ఒక్కరొచ్చిన్రు,
కుర్చీలు సాలక ఐదుగురు మెట్ల మీద కూసున్నరు,
అందుల నేనొకణ్ని.

పోయిన ఎండకాలం రిటైరయ్యింది.
శాలువా కప్పినం, మాట్లాడినం,
ఎవరం సరిగ్గ మాట్లాడలే.
పోయేటప్పుడు సంచిలకెళ్లి
నా కోణమాని తీసి ఇచ్చింది.
"బాకీ తీరింది సార్."

ఆమెది తీరింది.
ఆ రాత్రి నాది లెక్కేసిన:
వారానికి రెండు, ఏడాదికి డెబ్బై,
పదకొండేండ్లకు ఏడువందల డెబ్బై పీరియడ్లు.
వడ్డీ ఎట్ల కట్టాలెనో తెల్వలే.

ఇయ్యాల ఆరో బెల్లు కొట్టంగనే
కొత్త సోషల్ సారు గుమ్మం కాడ ఆగిండు.
చిన్న పిలగాడు, ఇస్త్రీ మడత పోని అంగీ.
"సార్, మీ సిలబస్ ఉంటె తీస్కోన్రి" అన్నడు.

సుద్దముక్క ఆయన చేతుల పెట్టిన.
గ్లోబు బీరువా మీదున్నది, పుల్ల పైలం, అన్న.
వరండాలకొచ్చి నిలబడ్డ.

ఏడువందల అరవై తొమ్మిది.